దమయంతి కడుపున పుట్టిన లీలావతి
(సురభి కమలాబాయి స్మారకోపన్యాసం పాఠం)

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ప్రహ్లాదుడి కథను కొత్తగా చెప్పాల్సిన పని లేదు. యాదగిరిగుట్ట, మట్టపల్లి, వాడపల్లి, కొల్లాపూర్ దగ్గరి సింగోటం... గుట్టల మీద కొంత, కృష్ణ ఒడ్డున కొంత, ఈ నేలంతా నరసింహస్వామిదే. వాడకొక నర్సింహ, ఇంటికొక యాదగిరి, ఊరికి పదిమంది యాదమ్మలు. వాడపల్లి గుళ్లో స్వామి ఎదుట వెలిగే దీపం ఆయన ఊపిరికి రెపరెపలాడుతుందని భక్తుల నమ్మకం. ఆ దేవుడు బాగోతంలో దిగే రాత్రి పిల్లలు కళ్లు నులుముకుంటూ, ఒకరినొకరు గిల్లుకుంటూ, స్తంభం పగిలే ఘడియ కోసం తెల్లవారేదాకా కాచుకుని కూర్చుంటారు.

ఆ కథలో అందరి చూపూ మూడు పాత్రల మీదే ఉంటుంది. గదాధరుడైన తండ్రి, చేతులు జోడించిన కొడుకు, స్తంభంలోంచి దూకే దేవుడు. నాలుగో మనిషి ఒకామె ఉంది. సంస్కృత భాగవతంలో ఆమె పేరు కయాధువు. తెలుగువాళ్లకు లీలావతి. నిండు గర్భిణిగా ఉన్నప్పుడు ఇంద్రుడు ఆమెను పట్టుకుపోతుంటే నారదుడు విడిపించి ఆశ్రమంలో దాచాడు. కొడుకు కడుపులో ఉండగానే హరికథ విన్నాడు. అది విన్న చెవులు మాత్రం ఆ తల్లివి. ఆ సంగతి పురాణం పెద్దగా పట్టించుకోదు. సంగీత నాటకం పట్టించుకుంది. మొగుడికీ కొడుక్కీ నడుమ నలిగే ఆడమనిషికి కాకపోతే పాట ఇంకెవరికి కావాలి? తెలుగు సినిమా తొలిసారి నోరు విప్పినప్పుడు వినిపించిన పాట కూడా ఆ లీలావతిదే. పాడినామె సురభి కమలాబాయి.

పాలమూరు జిల్లాలో సురభి అనే మాట అనగానే పాతవాళ్లకు ముందు గుర్తొచ్చేది నాటకం కాదు, కొల్లాపూర్ కోట. జటప్రోలు సంస్థానాన్ని ఏలిన దొరల ఇంటిపేరు సురభి. ఆ వంశంలోని సురభి మాధవరాయలు చంద్రికా పరిణయం రాసిన కవి. కమలాబాయి పేరు ముందున్న సురభి వేరు. అది కడప జిల్లాలోని ఒక పల్లె. ఇంటిపేరు కాని ఆ ఊరి పేరును వందల మంది తమ పేర్ల ముందు పెట్టుకుని తిరిగారు. పద్యం వచ్చినా రాకపోయినా, తాడు లాగేవాడైనా రాజు వేషం కట్టేవాడైనా, అందరూ సురభివాళ్లే.

ఆ ఊళ్లో 1885లో ఒక పెళ్లి జరిగింది. పెళ్లివారికి వినోదం కావాల్సి వచ్చింది. పిలుపు అందుకున్నది తోలుబొమ్మలు ఆడించుకుంటూ ఊళ్లు తిరిగే మరాఠీ మూలపు కుటుంబాలు. వాళ్లలో వనారస గోవిందరావు అనే యువకుడు బొమ్మలను పక్కన పెట్టించి, మనుషులకే వేషాలు కట్టించి కీచకవధ ఆడించాడు. సురభి చరిత్ర ఆ రాత్రితో మొదలవుతుంది.

బొమ్మలాటను చిన్నచూపు చూడాల్సిన పని లేదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం చేరే జనం ముందు ఆడే ఆటలను ఏకరువు పెడుతూ బొమ్మలాటలనూ చేర్చాడు. ఉత్తరాన్నుంచి ఆ కొండెక్కే దారి పాలమూరు అడవుల గుండానే, ఉమామహేశ్వరం మీదుగానే పోతుంది. తోలుబొమ్మ వెనక నిలబడేది ఎప్పుడూ కుటుంబమే. తండ్రి రావణుడి గొంతు పెడితే తల్లి మండోదరి గొంతు పెడుతుంది. కూతురు సీత అవుతుంది. తెరవెనక ఆడగొంతుకు అక్కడ ఎన్నడూ అడ్డు లేదు. గోవిందరావు చేసిన సాహసమల్లా తెర వెనకున్న ఆ ఆడమనిషిని తెర ముందుకు తేవడం. చెప్పడానికి ఒక్క అడుగే. 1885లో ఆ అడుగు ఎంత దూరమో అప్పటి దేశాన్ని ఒకసారి చూస్తే తెలుస్తుంది.

కలకత్తాలో బెంగాల్ థియేటర్ 1873లో ఆడవాళ్లను రంగం మీదికి తెచ్చింది. వాళ్లంతా వేశ్యావాడల నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల తర్వాత వచ్చిన బినోదినీ దాసి పాతికేళ్లు నిండకుండానే నాటకం మానుకుని, ఆ తర్వాత తన కథ తానే రాసుకుంది. మరాఠీ సంగీత నాటకానికి ఊపిరిపోసిన బాలగంధర్వ మగవాడు. ఆయన కట్టిన చీరకట్టును చూసి పుణే ఇల్లాళ్లు చీర కట్టడం నేర్చుకున్నారని చెప్పుకుంటారు. తెలుగునాట స్థానం నరసింహారావు సత్యభామగా వాలుజడ ముందుకు వేసుకుంటే ఆడవాళ్లే ముక్కున వేలేసుకున్నారు. మన పల్లెల బాగోతాల్లోనూ అంతే. ఆడయాసం కట్టేది మీసం గీయించుకున్న మగవాడే. మొహానికి అర్దళం పూసుకుని, గొంతు సన్నం చేసుకుని, చెర్విరాల భాగయ్య యక్షగానాల్లోని నాయికలకు ప్రాణం పోసేవాళ్లు ఊరి రైతులు, చేతివృత్తులవాళ్లు. ఇందులో పెద్ద మినహాయింపు చిందువాళ్లు. నిజామాబాద్ జిల్లా అమ్దాపూర్ చిందుల ఎల్లమ్మ ఆడ వేషమూ కట్టింది, మగ వేషమూ కట్టింది, గజ్జె కడితే రాత్రంతా రంగాన్ని గుప్పిట్లో పెట్టుకుంది. అయినా ఊరు చిందువాళ్ల ఆట చూసిందే తప్ప, వాళ్లను అరుగెక్కి కూర్చోనివ్వలేదు.

సురభి మరో దారి పట్టింది. పెళ్లయిన ఆడది, మొగుడితో పిల్లలతో కలిసి, అత్తామామల ఎదుటే, తన ఇంటి మగవాడి పక్కన నాయికగా నిలబడింది. కొన్నిసార్లు వదినకు మరిది ప్రియుడు. కొన్నిసార్లు కూతురికి తండ్రే విలన్. బయటివాళ్లకు విడ్డూరం, వాళ్లకు రోజువారీ పని. పొయ్యి మీద చారు దించి, మొహానికి రంగు వేసుకుని, చంటిదాన్ని ఎవరి ఒళ్లోనో పెట్టి రంగం మీదికి పోవడం. ఆడవాళ్లు నాటకాల్లోకి వస్తే పరువు పోతుందన్న వాదనకు సురభి సభల్లో ఉపన్యాసాలిచ్చి జవాబు చెప్పలేదు. పరువు, కాపురం, నాటకం మూడింటినీ ఒకే గుడారంలో పెట్టి చూపించింది.

కమలాబాయి ఆ గుడారంలోనే పుట్టింది. ఇది మాటవరసకు అన్నది కాదు.

తండ్రి కృష్ణాజీరావు, తల్లి వెంకుబాయి. ఏడాది 1907 అని కొందరు, 1908 అని కొందరు రాశారు. వెంకుబాయికి నెలలు నిండాయి. ఆ రోజు ఆమెది దమయంతి వేషం. సంగీత నాటకాలవాళ్లకు నలదమయంతుల కథ అంటే పండగ. బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు చిత్రనళీయంతో ఆ కథకు తెలుగు రంగస్థలం మీద పెద్ద పీట వేశాడు. అడవిలో మొగుడు వదిలేసి పోయిన దమయంతి ఏడవాలి, పాడాలి, పడిపోవాలి. ఆ రాత్రి వెంకుబాయికి నొప్పులు రంగం మీదే మొదలయ్యాయి. ఆమె మెలికలు తిరుగుతుంటే ఎదుట చాపల మీద కూర్చున్న జనం దమయంతి దుఃఖం ఇంత బాగా పండిందేమిటా అనుకున్నారు. ఆ తర్వాత తెర దించేశారు. తెర వెనక బిడ్డ పుట్టింది.

సురభివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్న కథ ఇది. చెప్పగా చెప్పగా దీనికి కొంత నగిషీ చేరి ఉంటుంది. తెర దించాక జనానికి సంగతి తెలిసిందనీ, నాణేలు విసిరి దీవించారనీ కూడా చెబుతారు. చేరిన నగిషీ ఎంతన్నది వదిలేద్దాం. నెలలు నిండిన మనిషి ఆ రాత్రి వేషం ఎందుకు కట్టింది? కట్టకపోతే ఆ పూట ఆట లేదు. ఆట లేకపోతే గుడారంలో ఎవరికీ అన్నం లేదు. కమలాబాయి పుట్టుక గురించి మురిసిపోతూ రాసిన వ్యాసాలు బోలెడున్నాయి. వెంకుబాయి మర్నాటి సంగతి ఎవరూ రాయలేదు.

గుడారంలో పుట్టినవాళ్లకు బడి వేరే ఉండదు. కమలాబాయి చిన్నప్పుడే కృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి బాల వేషాలు కట్టింది. ఈడొచ్చాక నాయిక వేషాలకు మారింది. సురభిలో పాత్ర ఎక్కే పద్ధతి అదే. ప్రహ్లాదుడైనవాడు పెద్దయితే నారదుడవుతాడు, ఇంకా పెద్దయితే హిరణ్యకశిపుడవుతాడు. ఆడపిల్ల అయితే ప్రహ్లాదుడి నుంచి లీలావతి. అప్పటికి ఆ నాటకంలోని ప్రతి మాటా, ప్రతి రాగమూ ఆమెకు కంఠతా. నిన్న తాను పాడిన పద్యాన్ని ఇవాళ తన ఎదుట నిలబడిన పిల్లవాడు పాడుతుంటే, ఎక్కడ శ్రుతి జారుతుందో తల్లి వేషంలో ఉన్నామెకు ముందే తెలుసు.

దర్శకత్వం అంటే ఇదే గదా. ఆ మాట మన రంగస్థలానికి తర్వాత వచ్చింది. పాతవాళ్లు నాటకం ‘కట్టడం’ అనేవాళ్లు, ‘కట్టించడం’ అనేవాళ్లు. కంపెనీ పేరు మీద మగవాడు ఉంటాడు. పిల్లకు పద్యం చెప్పేది, పవిట ఎట్లా పట్టుకోవాలో చూపేది, తాళం తప్పితే పక్కతెర చాటునుంచి కళ్లురిమేది చాలాసార్లు అమ్మలు, పెద్దమ్మలు, మేనత్తలు. కరపత్రంలో వాళ్ల పేర్లు నటీమణులుగానే ఉంటాయి. ఆంధ్ర ప్రాంతంలో దాసరి కోటిరత్నం లాంటివాళ్లు సొంతంగా కంపెనీ నడిపి, పురుష పాత్రలూ కట్టి, 1935లో సతీ సక్కుబాయితో నిర్మాత కూడా అయ్యారు. ఆమె పేరు యజమాని జాబితాలోకి ఎక్కింది. సురభి ఇల్లాళ్ల పెత్తనం ఏ జాబితాలోకీ ఎక్కలేదు. పొద్దుగూకితే కనిపించేది, తెల్లారితే వంటపనిలో కలిసిపోయేది.

ఇప్పుడు బొంబాయి వెళ్దాం. 1931 మార్చి 14న ఆలం ఆరా విడుదలై దేశానికి మాటల సినిమా రుచి చూపించింది. ఆ సినిమా తీసిన ఆర్దేషిర్ ఇరానీ దగ్గర పనిచేసిన హెచ్.ఎం.రెడ్డి ముందు కాళిదాస్ తీశాడు. అందులో తమిళమూ తెలుగూ కలగలిసి ఉన్నాయి. ఆ తర్వాత పూర్తిగా తెలుగులో ఒకటి తీయాలనుకున్నాడు. కథ కొత్తగా రాయించే తీరిక లేదు. అప్పటికే జనం నోళ్లలో నానిన నాటకం కావాలి, దాన్ని పుస్తకం చూడకుండా ఆడగలిగిన మనుషులు కావాలి. రెండూ సురభిలో దొరికాయి. ధర్మవరంవారి నాటకాన్ని ఆధారం చేసుకుని సురభివాళ్లు ఆడే భక్తప్రహ్లాదను బొంబాయి తీసుకుపోయారు. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సింధే కృష్ణారావు ప్రహ్లాదుడు, కమలాబాయి లీలావతి. ఆలం ఆరాలో, కాళిదాస్‌లో కనిపించిన ఎల్.వి.ప్రసాద్ అనే కుర్రాడు ఇందులోనూ ఒక చిన్న వేషం వేశాడు. అట్లా హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలు మూడింటిలోనూ ఉన్న మనిషిగా మిగిలాడు.

పాటలకు మాత్రం నాటకం పుస్తకం చాలలేదు. కొత్తవి కొన్ని కావాల్సి వచ్చాయి. వాటిని రాసినవాడు మన పొరుగువాడు. సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే దారిలో నాయకన్‌గూడెం దాటినవాళ్లకు కూసుమంచి తెలుసు. ఆ దగ్గరి జక్కేపల్లి చందాల కేశవదాసుది. 1876లో పుట్టి 1956 దాకా బతికిన ఈయన హరికథ చెప్పాడు, అవధానం చేశాడు, నాటకాలు రాశాడు. తెలుగు సినిమా తొలి పాటల రచయిత కూడా ఆయనే. తొలి పాటగా చెప్పుకునేది లీలావతి దుఃఖగీతం. కడప పల్లె పేరు మోసే గుడారంలో పుట్టిన అమ్మాయి, నల్లగొండ సరిహద్దు పల్లె కవి రాసిన పాటను, బొంబాయి స్టూడియోలో పాడింది. నిజాం రాజ్యమనీ బ్రిటిష్ రాజ్యమనీ మధ్యలో గీసిన గీతలు ఆ పాటకు అడ్డం రాలేదు.

ఎట్లా పాడిందన్నది కాస్త దగ్గరగా చూడదగ్గ విషయం. గుడారంలో పాట దూరానికి పోవాలి. వెనక చాప మీద కూర్చున్న ముసలామెకు వినపడకపోతే నటి ఓడినట్టే. అందుకని సురభివాళ్ల గొంతు పైస్థాయిలో నిలబడుతుంది, పద్యం చివర రాగం సాగుతుంది, ‘వన్స్ మోర్’ అని అరిస్తే మళ్లీ మొదటినుంచి. స్టూడియోలో ఇవన్నీ తలకిందులయ్యాయి. మైకు నెత్తికి దగ్గర్లోనే ఉంటుంది. వాద్యాలవాళ్లు కెమెరాకు కనపడకుండా ఎక్కడో నక్కి వాయించాలి. అప్పటికి నేపథ్యగానం లేదు. మన దేశంలో అది 1935లో కలకత్తాలో మొదలయింది. అందుకే నటి కెమెరా ముందు నటిస్తూనే, కదలకుండా, శ్రుతి తప్పకుండా పాడాలి. తప్పితే షాటంతా మళ్లీ. చేయి విసిరి పద్యం అందుకోవడం పుట్టుకతో వచ్చినామెకు కాళ్లు కట్టేసినట్టు ఉండాలి. అయినా ఆమె పాడింది. మళ్లీ మళ్లీ పిలిచారంటే బాగానే పాడిందన్నమాట.

ఆ సినిమా పుట్టినరోజు చాలాకాలం తప్పుగా చెలామణీ అయింది. 1931 సెప్టెంబర్ 15 అని పుస్తకాలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాశాయి. పత్రికా రచయిత రెంటాల జయదేవ పాత పత్రికలూ సెన్సార్ కాగితాలూ తిరగేసి, 1932 జనవరి 22న బొంబాయిలో సర్టిఫికెట్ వచ్చిందనీ, ఫిబ్రవరి 6న అక్కడి కృష్ణా సినిమాలో విడుదలైందనీ తేల్చారు. తేదీ దొరికింది. సినిమా దొరకలేదు. భక్తప్రహ్లాద ప్రతి ఒక్కటీ మిగల్లేదు. తెలుగు టాకీ మొదటి గొంతు ఎట్లా ఉండేదో ఇవాళ చెవులారా విన్నవాళ్లు లేరు. వెయ్యేళ్ల కిందటి శాసనం చదవగలం గానీ, తొంభై ఏళ్ల కిందటి పాట వినలేం.

ఆ తర్వాత కమలాబాయి గుడారానికి వెంటనే తిరిగి రాలేదు. బొంబాయి సాగర్ కంపెనీ సర్వోత్తమ్ బాదామి దర్శకత్వంలో 1932లోనే పాదుకా పట్టాభిషేకం, శకుంతల తీసింది. రెండింటిలోనూ ఆమె ఉంది. కొన్నేళ్లు అక్కడే ఉండి హిందీ సినిమాల్లో కూడా నటించింది. ఇంట్లో మరాఠీ మూలపు మాట, రంగం మీద తెలుగు, స్టూడియోలో హిందీ. సురభి ఇంటి పిల్లకు భాష మారడం వేషం మారడమంత తేలిక. ఈ బొంబాయి ఏళ్ల గురించి ఇంతకు మించి చెప్పుకోదగ్గది తక్కువ. పేర్లున్నాయి, సినిమాలు లేవు. గుడారంలో అయితే ఆ ఏళ్లలో ఆమె నలుగురు పిల్లలకు లీలావతిని నేర్పి ఉండేది.

ఆమె మళ్లీ తెలుగు జనం కళ్లకు బాగా ఆనింది 1951లో. విజయావారి పాతాళభైరవి, కె.వి.రెడ్డి దర్శకత్వం. తోటరాముడి తల్లి కమలాబాయి. రాముడికి అప్పటికి ఇరవై ఏడేళ్లు, తల్లికి నలభై మూడో నలభై నాలుగో. మొదటి సినిమాలోనూ తల్లే, పేరు తెచ్చిన ఈ సినిమాలోనూ తల్లే. మొదటిదాంట్లో రాణి, రెండోదాంట్లో తోటమాలి ఇంటి విధవరాలు. తేడా ఇంకొకటుంది. మొదటి తల్లి పాడింది. రెండో తల్లికి పాట లేదు.

ఈ తేడాకు ఎవరినీ తప్పుపట్టాల్సిన పని లేదు. కాలం అట్లా మారింది. నేపథ్యగానం వచ్చాక నటించేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు అయ్యారు. ముఖం వయసు గొంతు వయసును ఓడించింది. సంగీత నాటకంలో నలభై అయిదేళ్ల ఆడమనిషి శకుంతల వేషం కడితే జనం గొంతు విని ఒప్పుకునేవాళ్లు. సినిమాలో ముందు చూపేది ముఖం. పాటతో బతికిన నటీమణులు చాలామంది అమ్మలుగా, అత్తలుగా, పక్కింటి పిన్నులుగా తెర అంచుకు జరిగారు. అయినా పాతాళభైరవిలో ఆమెను గమనించి చూడండి. కొడుకు చేసే పనికి గుండెలు బాదుకునేటప్పుడు ఆమె చేతులు రెండూ ఒక్కసారిగా పైకి లేవవు. ముందు ఒకటి, ఆ తర్వాత రెండోది. వెనక వరసవాడికి కనపడాలని నేర్చుకున్న కదలిక అది. మాట విరుపులోనూ పద్యం ఆగే చోట్లే ఆగుతుంది. పాట తీసేసినా గుడారం పోలేదు.

ఇంకొక విచిత్రం. భక్తప్రహ్లాద సురభి రంగం మీదినుంచి సినిమాకు వెళ్లింది. పాతాళభైరవి సినిమా నుంచి సురభి రంగం మీదికి వచ్చింది. మాయాబజారు, పాతాళభైరవి, బాలనాగమ్మ ఇవాళ్టికీ వాళ్ల పెట్టెలో ఉన్న నాటకాలు. లడ్డూలు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి దూకుతాయి. బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాలుతాయి. ఇదంతా సన్నని తీగలతో, కప్పీలతో, చీకట్లో నిలబడి లెక్క తప్పకుండా లాగే చేతులతో జరుగుతుంది.

1971లో మన సంగీత నాటకం రెండు చావులు చూసింది. ఫిబ్రవరి 21న స్థానం నరసింహారావు పోయాడు. మార్చి 30న సురభి కమలాబాయి పోయింది. ఆడవేషానికి మగవాడే దిక్కు అన్న కాలానికి ఆయన శిఖరం. ఆ దిక్కు అక్కర్లేదని చూపిన ఇంటి ఆడపడుచు ఆమె. స్థానానికి 1956లోనే పద్మశ్రీ దక్కింది. సురభికి ఆ గౌరవం 2013లో రేకందార్ నాగేశ్వరరావు ద్వారా వచ్చింది. సురభి బాబ్జీ అంటేనే జనానికి తెలిసేది. ఒకప్పుడు నలభైకి పైగా ఉన్న సురభి కంపెనీలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. బాబ్జీ 2022లో కన్నుమూశారు.

కమలాబాయి పోయిన పాతికేళ్లకు బయటి దర్శకుడొకాయన సురభి గుడారంలోకి వచ్చాడు. బి.వి.కారంత్. చిన్నతనంలో ఇల్లు వదిలి గుబ్బి వీరన్న నాటక కంపెనీలో చేరిన కన్నడిగుడు. కంపెనీ నాటకం రుచి లోపలినుంచి ఎరిగినవాడు. 1990లలో ఆయన సురభివాళ్లతో భీష్మ, చండీప్రియ కట్టించాడు. మూడోది బస్తీదేవత యాదమ్మ. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన సెచువాన్ మంచి మనిషి కథకు అది తెలుగు వేషం. జ్యూరిక్‌లో 1943లో మొదటిసారి ఆడిన నాటకంలోని నాయిక షెన్ తే, హైదరాబాద్ బస్తీకి వచ్చేసరికి యాదమ్మ అయింది. యాదగిరి నర్సన్న పేరు పెట్టుకున్న ఆడబిడ్డ. నల్లగొండ నుంచి పట్నం బస్తీలకు కూలికి పోయిన ఎంతమంది యాదమ్మల పేరో అది.

ఆ కథలో ఒక మెలిక ఉంది. నాయిక మంచితనం వల్ల అందరూ ఆమెను పీక్కుతింటారు. బతకలేక ఆమె మగ వేషం కట్టి, తన మేనబావనని చెప్పుకుని, కఠినంగా లెక్కలు వసూలు చేస్తుంది. మన బాగోతంలో మగవాడు ఆడయాసం కట్టి పాడేవాడు. ఇక్కడ ఆడమనిషి మగ వేషం కట్టకపోతే పూట గడవదు. కమలాబాయి బతికి ఉండి ఈ వేషం చూసి ఉంటే ఏమనేదో ఊహించడం అనవసరం. ఆమె తల్లి వెంకుబాయికి మాత్రం పూట గడవడం కోసం వేషం కట్టడమంటే ఏమిటో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ప్రహ్లాదుడి ఆట సురభివాళ్లు ఇప్పటికీ ఆడతారు. పిల్లవాణ్ణి కొండ మీదినుంచి తోస్తారు, పాములతో కరిపిస్తారు. ప్రతిసారీ లీలావతి వచ్చి ఏడ్చి పాడి పోతుంది. హార్మోనియం పెట్టె ముందు కూర్చున్నతను ఆమె గొంతు కోసం తలెత్తి చూస్తాడు. ఆమె పాత్ర స్తంభం కన్నా ముందే అయిపోతుంది. అయిపోయినంత మాత్రాన వేషం విప్పి పడుకునే అలవాటు ఆ గుడారంలో లేదు. కిరీటం తీసి పెట్టె మీద పెట్టి, పవిట నడుముకు దోపుకుని, ఖాళీగా ఉన్న తాడు దగ్గరికి పోయి నిలబడతారు. ముందు హిరణ్యకశిపుడు ఇందులో ఉన్నాడా అని అడుగుతుంటాడు. చాపల మీద నిద్రకు తూగుతున్న పిల్లలను తల్లులు తట్టి లేపుతుంటారు. గద స్తంభానికి తగిలిన చప్పుడు విని, చీకట్లో, వాళ్లు తాడు లాగుతారు.